ఎంఈసీయా, సీఈసీయా? అర్థశాస్త్రం చదువుతానంటున్న అమ్మాయి తండ్రికి జవాబు

మీరు రాసినదాన్ని ఒకసారి నా మాటల్లో చెప్పుకుంటాను. తెనాలి దగ్గర మీకు ఎరువుల దుకాణం ఉంది. అమ్మాయి పదో తరగతి పూర్తి చేసింది, లెక్కల్లో 81 మార్కులు. ఎంపీసీ వద్దు, ఎకనామిక్స్ చదువుతానని పట్టుబడుతోంది. మీ బావమరిది గారేమో ఎంపీసీ తీసుకుంటే ఎటైనా వెళ్లవచ్చు, ఇది తీసుకుంటే ఎటూ కాకుండా పోతుంది అన్నారు. కళాశాల వాళ్లు సీఈసీ అయితే తేలిక అన్నారు. ఏ గ్రూపులో చేర్చాలి, ఆ తర్వాత బతుకుతెరువు ఏమిటి అని మీ ప్రశ్న. చివర్లో ఇంకో మాట కూడా రాశారు. అమ్మాయి దుకాణంలో కూర్చున్నప్పుడల్లా "డబ్బు పట్టుకొచ్చినా యూరియా బస్తా ఎందుకు దొరకదు నాన్నా?" అని అడుగుతుందని. మీరు నవ్వులాటకు రాసి ఉంటారు గాని, నాకు మాత్రం మిగతా ఉత్తరమంతా ఒక ఎత్తు, ఆ వాక్యం ఒక ఎత్తు.

నేను ముప్ఫై ఏళ్లు ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లోనూ డిగ్రీ కళాశాలల్లోనూ ఈ పాఠమే చెప్పాను. నా జవాబు ఇది: ఎంఈసీలో చేర్చండి, సీఈసీలో వద్దు. కారణం గణితం. ఆ ఒక్క సబ్జెక్టు చేతిలో ఉంటే ఎకనామిక్స్‌కు ఉన్న దారులు చాలావరకు తెరిచి ఉంటాయి. అది లేకపోతే సగం దారులు పదహారేళ్ల వయసులోనే మూసుకుపోతాయి. మూసుకుపోయినట్టు ఇరవై ఏళ్లు వచ్చేదాకా తెలియదు కూడా.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. ఎనభైలలో నేను ఒంగోలు వైపు తెలుగు మాధ్యమంలో హెచ్ఈసీ చదివాను. లెక్కలంటే భయం, అందుకే ఆ గ్రూపు. డిగ్రీలోనూ అదే తంతు. మార్కులు బాగానే వచ్చాయి. ఎంఏకు ఒక పెద్ద విశ్వవిద్యాలయంలో సీటు దొరికింది. మొదటి వారంలోనే బల్ల మీద కనిపించినవి మాత్రికలు, అవకలనం. ఇంటర్‌లో "ఉపాంత ప్రయోజనం" అంటే ఒక యూనిట్ అదనంగా వాడితే కలిగే అదనపు ప్రయోజనం అని నాలుగు వాక్యాల నిర్వచనం బట్టీ పట్టి ఉన్నాను. అక్కడ అయ్యవారు ఒక గీత గీసి, దాని వాలు కనుక్కోండి, అదే ఉపాంతం అన్నారు. నా పక్కన కూర్చున్న బెంగాలీ అబ్బాయి రెండు నిమిషాల్లో చేసేశాడు. నేను ఆ పండక్కి ఇంటికి వెళ్లినప్పుడు తమ్ముడి ఎంపీసీ గణితం వన్-బీ పుస్తకం సంచిలో వేసుకుని వచ్చాను. ఎంఏ చదువుతూ ఇంటర్ మొదటి సంవత్సరం లెక్కలు రాత్రిళ్లు దొంగచాటుగా చేసుకున్న ఆ ఆరు నెలలు మీ అమ్మాయికి రాకూడదనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఎంఈసీలో ఉండేవి గణితం, ఎకనామిక్స్, కామర్స్. గణితం ఎంపీసీ పిల్లలు చదివేదే, వేరే తేలిక పుస్తకం ఏమీ ఉండదు. సీఈసీలో గణితం స్థానంలో సివిక్స్ వస్తుంది, హెచ్ఈసీలో చరిత్ర, సివిక్స్ ఉంటాయి. సీఈసీ తేలిక అన్న కళాశాల వాళ్లు అబద్ధం చెప్పలేదు, నిజంగానే తేలిక. అక్కడే చిక్కు. పైగా కొన్ని కళాశాలల్లో ఎంఈసీ అని బోర్డు మీద ఉంటుంది గాని, చేరేవాళ్లు అయిదుగురు ఉంటే వాళ్లను ఎంపీసీ తరగతి వెనక బల్లల్లో కూర్చోబెడతారు, లేదా జూలై కల్లా సీఈసీలోకి మార్చేస్తారు. రుసుము కట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి: పోయిన ఏడాది ఎంఈసీలో ఎంతమంది పరీక్ష రాశారు, ఎకనామిక్స్ చెప్పేవారు ఎంఏ ఎకనామిక్స్ చదివినవారా లేక కామర్స్ వారే రెండూ చెబుతారా, ఈ గ్రూపు పిల్లల్ని అందరినీ సీఏ శిక్షణకే తోలుతారా. మూడోదానికి వచ్చే జవాబును జాగ్రత్తగా వినండి.

ఎందుకంటే మన రెండు రాష్ట్రాల్లో ఎంఈసీ అంటే సీఏకు మెట్టు అనే అభిప్రాయం స్థిరపడిపోయింది. సీఏ మంచి చదువే. దాని ఫౌండేషన్ పరీక్షలో నాలుగు పేపర్లుంటే అందులో ఒకటి బిజినెస్ ఎకనామిక్స్. కాని కామర్స్ వేరు, ఎకనామిక్స్ వేరు. కామర్స్ మీ దుకాణం లెక్క సరిగ్గా రాయడం నేర్పుతుంది: ఎంత సరుకు వచ్చింది, ఎంత అమ్ముడైంది, ఎవరు ఎంత బాకీ, పన్ను ఎంత. ఎకనామిక్స్ అడిగేది వేరు. రైతు ఈ బస్తానే ఎందుకు కొన్నాడు, ధర పెరిగితే ఎన్ని తక్కువ కొంటాడు, దానివల్ల పంటకూ ప్రభుత్వ ఖజానాకూ ఏమవుతుంది. ఒకటి చిట్టాలోకి చూస్తుంది, ఇంకొకటి ఆ చిట్టాలో పేర్లున్న మనుషుల వైపు చూస్తుంది. మీ అమ్మాయి అడిగిన ప్రశ్న రెండో రకం. ఆ పిల్లను ఆడిటింగులో పడేస్తే చేస్తుందేమో గాని, ఉసూరుమంటుంది.

ఇప్పుడు మీ బావమరిది గారి మాట. ఆయనది పూర్తిగా కొట్టిపారేయదగ్గది కాదు. తమాషా ఏమిటంటే, ఐఐటీల్లోనూ ఎకనామిక్స్ డిగ్రీలున్నాయి. కాన్పూర్, ఖరగ్‌పూర్, బొంబాయి మూడు చోట్లా ఉన్నాయి. కాని వాటికి దారి జేఈఈ అడ్వాన్స్‌డ్, అంటే భౌతిక, రసాయన శాస్త్రాలు తప్పనిసరి. బిట్స్‌లో ఎమ్మెస్సీ ఎకనామిక్స్‌కూ అంతే. అంటే ఇంటర్‌లో ఎకనామిక్స్ చదివిన పిల్లకు ఐఐటీలో ఎకనామిక్స్ సీటు రాదు, ఒక్క ముక్క చదవని పిల్లాడికి వస్తుంది! ఈ ఏర్పాటు నాకు ఎప్పుడూ నచ్చలేదు, కాని ఉన్నది ఉన్నట్టు తెలుసుకోవాలి. ఎంపీసీ చదివి తర్వాత ఇటు తిరిగినవారు చాలామంది ఉన్నారు. రిజర్వు బ్యాంకు గవర్నరుగా 2008 నుంచి 2013 వరకు పనిచేసిన దువ్వూరి సుబ్బారావు గారు కోరుకొండ సైనిక్ స్కూలులో చదివి, ఐఐటీల్లో భౌతికశాస్త్రం పూర్తి చేసి, ఐఏఎస్‌లో చేరాక ఓహయోలో ఎకనామిక్స్ చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేశారు. ఆయనకు ముందు 2003 నుంచి 2008 వరకు అదే కుర్చీలో ఉన్న కడప జిల్లా వారు వై.వి. రెడ్డి గారేమో మద్రాసు విశ్వవిద్యాలయంలో ఎకనామిక్స్ ఎంఏ, ఉస్మానియాలో పీహెచ్‌డీ. వరసగా పదేళ్లు ఆ కుర్చీలో ఇద్దరు తెలుగువాళ్లు, రెండు వేర్వేరు దారుల్లో వచ్చినవాళ్లు. కాబట్టి ఎంపీసీ చదివితే ఎకనామిక్స్ దారి మూసుకుపోదు. అయితే భౌతిక, రసాయన శాస్త్రాలంటే విముఖత ఉన్న పిల్లను రెండేళ్లు ఆ గానుగకు కట్టడం ఎందుకు? గణితం కోసమే అయితే అది ఎంఈసీలోనూ దొరుకుతుంది.

రెండేళ్లలో ఏం చదువుతుందో కూడా చెప్పాలి. ఇన్నాళ్లూ మన ఇంటర్‌లో నడిచిన పద్ధతి స్థూలంగా ఇది: మొదటి ఏడాది సిద్ధాంతం, అంటే డిమాండ్, సప్లై, వ్యాకోచత్వం, ఉత్పత్తి, మార్కెట్లు, జాతీయాదాయం, ద్రవ్యం, బ్యాంకులు. రెండో ఏడాది భారత ఆర్థిక వ్యవస్థ, దానితోపాటు రాష్ట్రం సంగతి. పాఠ్యాంశాలు మంచివే. చెప్పే తీరు, రాయించే తీరు మాత్రం నిస్సారం. పది మార్కుల వ్యాసానికి నిర్వచనం, ప్రమేయాలు, పట్టిక, పటం, పరిమితులు అని అయిదు మెట్లు. పటం కింద రేఖల పేర్లు రాయకపోతే మార్కు కోత. నేనూ అలాగే దిద్దాను, దాచడానికేముంది. మీరు చేయగలిగింది ఒకటుంది: పుస్తకంలో ఉన్న ప్రతి మాటకూ దుకాణంలో ఒక ఉదాహరణ వెతకమనండి. దొరకని మాట దాదాపు ఉండదు.

వ్యాకోచత్వమే చూడండి. ధర కొంచెం మారితే గిరాకీ ఎంత మారుతుంది అన్నదే దాని సారం. నాట్లు వేశాక రైతుకు యూరియా కావాల్సిందే, పది రూపాయలు ఎక్కువైనా కొంటాడు. అది వ్యాకోచం లేని గిరాకీ. అదే మీ దుకాణంలో పై అరలో ఉన్న పెరుగుదల మందు ధర పది రూపాయలు పెరిగితే "ఈసారికి వద్దులే" అంటాడు. అది వ్యాకోచం ఉన్నది. పంట వైపు నుంచి చూస్తే ఇదే సంగతి ఇంకా పదునుగా కనిపిస్తుంది. 2023 జూలైలో టమాటా కిలో వంద దాటి, కొన్నిచోట్ల రెండు వందలకు వెళ్లింది. అదే టమాటాను మదనపల్లె వైపు రోడ్డు మీద పారబోసిన రోజులూ మనం చూశాం. తినేవాళ్లు ధర తగ్గిందని రెట్టింపు తినరు, పెరిగిందని పూర్తిగా మానరు. అందువల్ల దిగుబడిలో చిన్న తేడా వచ్చినా ధరలో పెద్ద తేడా వస్తుంది. దీనికి తోడు ఈ ఏడాది ధర చూసి వచ్చే ఏడాది విత్తనం వేసే అలవాటు. గుంటూరు మిర్చి యార్డు కథ మీకు నేను చెప్పక్కర్లేదు. బాగా పలికిన ఏడాది తర్వాత ఎన్ని ఎకరాలు మిర్చి పడ్డాయో మీ విత్తనాల అమ్మకమే చెబుతుంది.

వడ్డీ సంగతి ఇంకా దగ్గరగా ఉంటుంది. రొక్కానికి వెయ్యి రూపాయలున్న మందును, పంట చేతికొచ్చాక అయిదు నెలలకు ఇస్తానంటే పదకొండు వందలకు రాసుకునే ఆచారం మన వైపు ఉంది. మీరు అలా చేస్తారో లేదో నాకు తెలియదు, అడగను కూడా. వెయ్యికి వంద అంటే అయిదు నెలలకు నూటికి పది, నెలకు నూటికి రెండు. అంటే రెండు రూపాయల వడ్డీ, ఏడాదికి 24 శాతం. రైతు దాన్ని మందు ధర అనుకుంటాడు, నిజానికి అందులో అప్పు ధర కూడా కలిసి ఉంది. ఈ రెంటినీ విడదీసి చూడగలగడం, చీటీ పాటలో ఎవరు ఎంత తగ్గించి పాడితే వాళ్లకు ఎంత వడ్డీ పడిందో లెక్కకట్టగలగడం పదహారేళ్ల పిల్లకు వస్తే, ఆమె ఏ ఉద్యోగం చేసినా చేయకపోయినా ఎవరి చేతిలోనూ మోసపోదు.

ఇంటర్ తర్వాతి దారుల గురించి మీరు ఎక్కువ ఆందోళన పడుతున్నట్టున్నారు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో బీఏ ఆనర్స్ ఎకనామిక్స్‌కు సీయూఈటీ అనే జాతీయ స్థాయి ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి, అందులో గణితం పేపరు తప్పనిసరి. సీఈసీ పిల్లలు ఎంత తెలివైనవాళ్లయినా ఆగిపోయేది ఈ గడప దగ్గరే. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఉంది, దానికీ సీయూఈటీయే. ఇంటికి అయిదారు గంటల దూరం, రుసుము మధ్యతరగతికి అందుబాటులోనే ఉంటుంది. నన్నడిగితే మీ అమ్మాయికి మొదటి గురి అదే కావాలి. పుణెలో 1930 నుంచి నడుస్తున్న గోఖలే సంస్థ ఉంది. బెంగళూరులో అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం ఉంది, అక్కడ కుటుంబ ఆదాయాన్ని బట్టి ఆర్థిక సాయం ఇస్తారు. ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో పేరున్నవి మరికొన్ని ఉన్నాయి గాని వాటి రుసుము వింటే మీరే అవకాశ వ్యయం (ఒకటి ఎంచుకున్నందుకు వదులుకునేది) అంటే ఏమిటో అమ్మాయికి పాఠం చెబుతారు.

ఇవేవీ రాకపోతే? దగ్గరి ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి డిగ్రీలో సింగిల్ మేజర్ పద్ధతి వచ్చింది. పూర్వం హెచ్ఈపీ, ఈపీపీ అని మూడింటిని సమానంగా కలిపి చదివేవాళ్లు, ఇప్పుడు ఎకనామిక్స్‌నే ప్రధానంగా తీసుకోవచ్చు. అందులో తప్పేమీ లేదు, కాకపోతే మైనర్‌గా (అంటే పక్క సబ్జెక్టుగా) గణితమో గణాంకశాస్త్రమో దొరికేలా చూసుకోవాలి. అక్కడి నుంచి ఎంఏకు మళ్లీ పెద్ద చోట్లకు ప్రయత్నించవచ్చు: ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, హైదరాబాద్, మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, రిజర్వు బ్యాంకు నెలకొల్పిన ముంబైలోని ఇందిరాగాంధీ సంస్థ, భారత గణాంక సంస్థ వారి ఎంఎస్ క్వాంటిటేటివ్ ఎకనామిక్స్. చివరిదానికి వెళ్లాలంటే లెక్కలు బాగా గట్టిగా ఉండాలి. నా విద్యార్థుల్లో ఒక్కతే అక్కడికి వెళ్లింది, ఆమె ఎంఈసీ పిల్ల.

ఉద్యోగం మాట సూటిగా చెబుతాను. బీఏ ఎకనామిక్స్ పట్టా ఒక్కటే చూసి ఎవరూ పిలిచి ఉద్యోగం ఇవ్వరు. బీటెక్‌కు ప్రాంగణ నియామకాలు ఉన్నట్టు మామూలు డిగ్రీ కళాశాలలో ఇక్కడ ఉండవు. ఈ చదువు ఫలితం ఎంఏ తర్వాతే ఎక్కువగా కనిపిస్తుంది. అంటే అయిదేళ్ల ఓపిక కావాలి. మీ ఇంట్లో మూడేళ్లకే సంపాదన తప్పనిసరి అయితే సీఏ వైపో బ్యాంకు పరీక్షల వైపో ముందే ఆలోచించుకోండి. అది అవమానమేమీ కాదు.

ఎంఏ ఉంటే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్ష రాయవచ్చు. 1961లో ఏర్పాటైన కేంద్ర సర్వీసు అది, యూపీఎస్సీయే నడుపుతుంది. వయసు 21 నుంచి 30, రాత పరీక్ష వెయ్యి మార్కులు, మౌఖికం రెండు వందలు. ఖాళీలు బహు తక్కువ, కాని పోటీకి వచ్చేవాళ్లు కూడా ఎకనామిక్స్ ఎంఏలే కాబట్టి లక్షల గుంపు ఉండదు. సివిల్స్‌కే తయారవుతూ దీని పేరు కూడా వినని పిల్లలను నేను ఎంతమందినో చూశాను. రిజర్వు బ్యాంకు గ్రేడ్ బి అధికారుల్లో ఆర్థిక పరిశోధన విభాగానికి ప్రత్యేకంగా తీసుకుంటారు, దానికీ ఎంఏ ఎకనామిక్స్ కావాలి. రాష్ట్ర స్థాయిలో గ్రూప్-2 చూడండి: ఆంధ్రప్రదేశ్ మెయిన్స్‌లో రెండో పేపరులో సగం ఆర్థిక వ్యవస్థే, తెలంగాణలో మూడో పేపరు 150 మార్కులూ అదే. మిగతా పిల్లలు శిక్షణ కేంద్రాల్లో ఏడాదిపాటు కుస్తీ పట్టేది మీ అమ్మాయికి ఇంటర్ నాటికే పరిచయమై ఉంటుంది. గణాంకశాస్త్రం కలిసి ఉంటే అర్థ గణాంక శాఖలో కొలువులున్నాయి. పంట కోత ప్రయోగాల లెక్క రాసుకోవడానికి మీ మండలానికి వచ్చే వాళ్లది ఆ శాఖే. అధ్యాపక వృత్తి ఉంది: పీజీతో జూనియర్ లెక్చరర్, అర్హత పరీక్షలైన నెట్ లేదా సెట్‌తో డిగ్రీ కళాశాల. నియామకాలు ఎప్పుడో ఒకసారి పడతాయి, దాన్ని మాత్రమే నమ్ముకోవద్దు. ప్రైవేటులో గణాంకాలు, కంప్యూటర్ మీద దత్తాంశాల విశ్లేషణ వచ్చిన ఎకనామిక్స్ పిల్లలకు బ్యాంకులు, బీమా, పరిశోధన సంస్థలు తలుపు తీస్తాయి. హైదరాబాద్ బేగంపేటలో సెస్ అనే సంస్థ ఉంది, గ్రామాల్లో సర్వేలు చేసి సాగు మీద, పేదరికం మీద పరిశోధన చేస్తుంది. అలాంటి చోట ఒక వేసవి పనిచేస్తే ఈ చదువు తనకు సరిపడుతుందో లేదో తేలిపోతుంది.

81 మార్కులతో ఎంఈసీ గణితం నెగ్గుకొస్తుందా అని మీకు అనుమానం ఉండవచ్చు. నెగ్గుకొస్తుంది. ఎకనామిక్స్‌కు కావలసింది ఐఐటీ ర్యాంకు తెచ్చే వేగం కాదు. ఒక సమీకరణం చూసి అది ఏ మనిషి ప్రవర్తన గురించి చెబుతోందో ఊహించగలిగే నిదానం కావాలి. లెక్కలంటే భయం వేరు, రాకపోవడం వేరు. నాది మొదటిది, ముప్ఫై ఏళ్ల తర్వాత చెప్పగలుగుతున్నాను.

ఇక యూరియా. మీ అమ్మాయి ప్రశ్నకు జవాబు మీకు సగం తెలుసు, సగం నేను కలుపుతాను. కాని ఆమెకు జవాబుగా చెప్పకండి, ఈ సెలవుల్లో ముక్కలుగా ఇవ్వండి, కూర్చుకోనివ్వండి.

45 కిలోల బస్తా ధర 266 రూపాయల యాభై పైసలు. ఆ ధర ప్రభుత్వం కట్టింది, ఏళ్ల తరబడి దాదాపు కదల్లేదు. ఈలోగా కూలి ఎంత పెరిగిందో, ధాన్యం ధర ఎంత పెరిగిందో మీ పాత చిట్టాలు తీసి రాసుకోమనండి. 2010లో పోషకాల ఆధారిత సబ్సిడీ, అంటే బస్తాలోని పోషకాన్ని బట్టి సబ్సిడీ కట్టి ధరను కంపెనీలకు వదిలే పద్ధతి, తెచ్చినప్పుడు డీఏపీ, పొటాష్ దాని కిందికి వెళ్లాయి, యూరియాను పక్కన ఉంచారు. అప్పటి నుంచి ఆ రెంటి ధరలు ఎటు వెళ్లాయి, రైతు ఏ బస్తా వైపు మొగ్గాడు? సాగుకు ఇచ్చే చౌక యూరియా ప్లైవుడ్ జిగురు తయారీలోకి పోతోందనే కదా 2015లో మొత్తానికి వేప పూత తప్పనిసరి చేశారు. ధర పెరగడానికి వీల్లేనప్పుడు కొరత ఇంకే రూపంలో బయటపడుతుంది? 2025 ఖరీఫ్‌లో చెప్పులు, పాసుపుస్తకాలు వరసలో పెట్టిన ఫోటోలు రెండు రాష్ట్రాల పత్రికల్లోనూ వచ్చాయి. పొద్దున నాలుగింటి నుంచి నిలబడ్డ మనిషి పోగొట్టుకున్న కూలిని బస్తా ధరలో కలిపితే ఆ బస్తా అతనికి ఎంతకు పడినట్టు? యూరియా కావాలంటే ఇంకో సీసా కూడా తీసుకోవాలని పైనుంచి మీ మీద, మీ నుంచి రైతు మీద పడే ఒత్తిడి దీనిలో భాగమా కాదా? ఈ ఆఖరి ప్రశ్న ఆమె మిమ్మల్నే అడుగుతుంది, సిద్ధంగా ఉండండి.

రెండు పేజీలు రాయమనండి, తెలుగులోనే. లెక్కలు తప్పినా ఫరవాలేదు. జూన్ లోపు పూర్తి చేస్తే ఇక్కడే పెట్టండి, ఎర్ర సిరా కలం నా దగ్గర ఇంకా ఉంది.